పాత లాప్‌టాప్‌లో టార్ బ్రౌజర్: ఎవరి కంట పడకూడదో ముందు తేల్చుకోండి

పేరు బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. కొన్ని నెలలుగా ఆమె కుంగుబాటుకు చికిత్స తీసుకుంటున్నారు. ఈ సంగతి వాళ్ల అమ్మగారికి తప్ప ఇంట్లో మరెవరికీ తెలియదు. డాక్టరు రాసిన మందుల గురించీ, ఇదే బాధను దాటి వచ్చినవారి అనుభవాల గురించీ తీరికగా చదువుకోవాలన్నది ఆమె కోరిక. ఇంట్లో అందరూ వాడుకునేది ఒకే ఒక పాత లాప్‌టాప్. 2 జీబీ ర్యామ్‌తో విండోస్ నడవలేక మొరాయిస్తుంటే వాళ్ల అన్నయ్య దానిలో పాత యంత్రాల మీదా నడిచే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ పప్పీ లినక్స్ వేశారు. వైఫై రౌటర్ కూడా ఆయన చేతిలోనే ఉంటుంది. ఎవరు ఏ సైట్లు చూశారో అప్పుడప్పుడూ రౌటర్‌లో చూసి, భోజనాల దగ్గర సరదాగా ప్రస్తావించడం ఆయనకు అలవాటు. అందులో దురుద్దేశమేమీ లేదని ఆమే రాశారు. కానీ ఆ సరదాకు భయపడే ఆమె ఇంతకాలం ఏమీ వెతకలేదు.

ఏ సైట్లు చూస్తున్నామో దారిలో ఉన్నవాళ్లకు కనిపించనివ్వని టార్ బ్రౌజర్ గురించి ఎవరో చెప్పగా విని ఆమె దాన్ని దించుకున్నారు. ఫైలును నొక్కితే బ్రౌజర్‌కు బదులు టెక్స్ట్ ఎడిటర్ తెరుచుకుంది. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ నుంచి నడిపితే, దీన్ని రూట్‌గా, అంటే సర్వాధికార ఖాతాతో, నడపకూడదని ఒక్క వాక్యం చూపించి ఆగిపోయింది. కంప్యూటర్లు తెలిసిన ఒక పరిచయస్థుడు, రూట్ అవునా కాదా అని పరీక్షించే పంక్తులను బ్రౌజర్‌ను మొదలుపెట్టే స్క్రిప్టులోంచి, అంటే ఆదేశాల ఫైలులోంచి, తీసేయమన్నాడు. తీసేశారు. బ్రౌజర్ తెరుచుకుంది గానీ టార్‌తో కలవడం మధ్యలోనే నిలిచిపోయింది. లాప్‌టాప్ ఆపి తెరిచిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతోందని రెండు రోజుల తర్వాత గమనించి, దాన్ని సరిచేశాక కలిసింది. ఇప్పుడు నాలుగు ట్యాబులు తెరిస్తే చాలు, యంత్రం మొత్తం బిగుసుకుపోతోంది. ఆ పంక్తులు తీసేయడం తప్పా, పప్పీని వదిలి వేరే లినక్స్‌కు మారాలా, అదే పరిచయస్థుడు పప్పీ కోసం సిద్ధం చేసి ఇస్తానంటున్న ప్యాకేజీ తీసుకోవచ్చా, ఇంత చేసినా అన్నయ్యకు తెలిసిపోతుందా అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం:

మొదటి ప్రశ్నకు జవాబు ఆలస్యం చేయకూడదు కనుక ముందే చెబుతున్నాను: ఆ పంక్తులు తీసేసిన కాపీని ఇక తెరవకండి. మీరేదో ఘోరం చేశారని కాదు. పప్పీ వాడేవాళ్లలో చాలామంది తొలిరోజే చేసే పని అది. అయితే ఆ నాలుగు పంక్తులు అక్కడ ఊరికే లేవు.

లినక్స్‌లో రూట్ అంటే యంత్రం మీద సర్వాధికారాలూ ఉన్న ఖాతా. మామూలు లినక్సులు మీకు ఒక సాధారణ ఖాతా ఇచ్చి, రూట్ అధికారం అవసరమైనప్పుడు మాత్రమే పాస్‌వర్డు అడుగుతాయి. 2003లో బ్యారీ కౌలర్ మొదలుపెట్టిన పప్పీ ఆ పద్ధతి పాటించలేదు. ఒక్క మనిషి వాడుకునే చిన్న వ్యవస్థ, అదీ ర్యామ్‌లో నడిచేది, దీనికి ఇన్ని తలుపులెందుకన్నది వారి తర్కం. దాని మీద వాదన పప్పీ పుట్టినప్పటి నుంచీ నడుస్తూనే ఉంది, ఇప్పుడు మనం దాన్ని తేల్చనక్కరలేదు. టార్ బ్రౌజర్ విషయంలో మాత్రం వాదనకు చోటు లేదు. అది ఫైర్‌ఫాక్స్ మీద కట్టిన బ్రౌజర్. ఫైర్‌ఫాక్స్‌లో ఎప్పుడైనా ఒక లోపం బయటపడి, దాన్ని వాడుకుని ఒక వెబ్ పేజీ మీ బ్రౌజర్‌లోకి చొరబడితే, ఆ చొరబడినదానికి బ్రౌజర్‌కు ఉన్న అధికారాలన్నీ వస్తాయి. బ్రౌజర్ సాధారణ ఖాతాలో ఉంటే నష్టం ఆ ఖాతా గోడల మధ్యనే ఆగే అవకాశం ఉంది. రూట్‌లో ఉంటే ఆపేదేమీ ఉండదు. ఇది ఊహ కాదు. 2013లోనూ, 2016 నవంబరులోనూ ఫైర్‌ఫాక్స్ లోపాలను ఆసరా చేసుకుని టార్ వాడేవాళ్ల అసలు చిరునామాలు రాబట్టే దాడులు జరిగాయి. ఆ రెండూ విండోస్ వాళ్లనే గురి పెట్టాయి నిజమే. అలాగని లినక్స్‌ను ఎవరూ ముట్టుకోరని ఎవరూ మాట ఇవ్వలేదు.

ఇక మీ నాలుగో ప్రశ్న. మిగిలిన రెండింటి జవాబులూ దీని మీదే ఆధారపడతాయి కనుక దీన్ని ముందుకు తెస్తున్నాను. ‘ఎవరికీ తెలియకూడదు’ అని మీరు ఒకే మాటలో రాశారు. ఆ ‘ఎవరికీ’లో మూడు వేర్వేరు చోట్ల ఉన్నవాళ్లు కలిసిపోయారు. మీరు చదివే సైటు నడిపేవాళ్లు ఒకరు. మీ ఇంటి నుంచి ఆ సైటు దాకా ఉన్న దారిలో కూర్చున్నవాళ్లు, అంటే రౌటర్ చూసే అన్నయ్య, ఇంటర్నెట్ సరఫరా చేసే సంస్థ, రెండోవారు. అదే లాప్‌టాప్‌ను మీ తర్వాత చేతిలోకి తీసుకునేవాళ్లు మూడోవారు. టార్ మొదటి ఇద్దరి కోసం తయారైంది. మీ అన్నయ్య మాత్రం రెండో చోటా ఉన్నారు, మూడో చోటా ఉన్నారు. మీ చిక్కంతా అక్కడే ఉంది.

దారి సంగతి చూద్దాం. 1990ల మధ్యలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టిన ‘ఆనియన్ రూటింగ్’ ఆలోచనే టార్‌కు మూలం. 2006లో టార్ ప్రాజెక్ట్ లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడింది, 2008లో బ్రౌజర్ పని మొదలైంది. మీరు అడిగిన పేజీ నేరుగా రాదు, స్వచ్ఛందంగా నడిపే మూడు రిలేల మీదుగా, అంటే మధ్యవర్తి కంప్యూటర్ల మీదుగా, వస్తుంది. మీ అభ్యర్థన మూడు పొరల గుప్తలిపిలో బయలుదేరుతుంది. ఒక్కొక్క రిలే ఉల్లిపాయ పొర ఒలిచినట్టు తన పొరను మాత్రమే విప్పగలదు. మొదటి రిలేకు మీరెవరో తెలుసు, మీరు ఎక్కడికి వెళ్తున్నారో తెలియదు. చివరిదానికి ఎక్కడికో తెలుసు, ఎవరో తెలియదు. మధ్యదానికి రెండూ తెలియవు. కాబట్టి మీ అన్నయ్య రౌటర్‌లో చూస్తే, ఈ లాప్‌టాప్ ఫలానా సమయంలో ఏదో ఒక చిరునామాతో మాట్లాడిందనీ, ఇంత డేటా వెళ్లిందనీ కనిపిస్తుందే తప్ప, మీరు చూసిన సైట్ల పేర్లు కనిపించవు. ఇప్పటిదాకా ఆయన చూస్తూ వచ్చింది ఆ పేర్లే కనుక భోజనాల దగ్గర ప్రస్తావించడానికి ఆయనకు ఏమీ మిగలదు.

అయితే టార్ రిలేల చిరునామాల జాబితా బహిరంగంగానే ఉంటుంది. ఆసక్తి ఉన్న మనిషి ఆ చిరునామాను పోల్చి చూసి, ఇంట్లో ఎవరో టార్ వాడుతున్నారని గ్రహించగలడు. ఏం చూశారో తెలియకపోయినా, ఏదో దాస్తున్నారని తెలుస్తుంది. కొన్ని ఇళ్లలో మొదటిదాని కంటే రెండోదే పెద్ద గొడవ. దీనికి ‘బ్రిడ్జ్’లు ఉన్నాయి, అంటే ఆ బహిరంగ జాబితాలో లేని ప్రవేశద్వారాలు. బ్రౌజర్ సెట్టింగుల్లో కనెక్షన్ విభాగంలోనే వీటిని ఎంచుకోవచ్చు. ఓబీఎఫ్ఎస్4 అనేది మీ రాకపోకలను గుర్తుపట్టలేని గజిబిజిగా మారుస్తుంది. స్నోఫ్లేక్ అయితే స్వచ్ఛంద సేవకుల బ్రౌజర్ల మీదుగా తీసుకెళ్తుంది. రెండింటికీ వేగంలో కొంత మూల్యం చెల్లించాలి. మీ అన్నయ్య రౌటర్ పేజీలో సైట్ల పేర్లు చదివే స్థాయి మనిషేనా, చిరునామాలను జాబితాతో పోల్చేంత పట్టుదల ఉన్నవారా అన్నది మీకే తెలుస్తుంది. మొదటి రకమైతే బ్రిడ్జ్ అక్కరలేదు.

ఇప్పుడు యంత్రం సంగతి. టార్ బ్రౌజర్ చరిత్రను దాచుకోదు, మూసేస్తే మీరు తిరిగిన పేజీల జాడ తన దగ్గర ఉంచుకోదు. కానీ బ్రౌజర్ ఫోల్డరు అక్కడే ఉంటుంది. మీరు దించుకున్న ఫైళ్లు ఉంటాయి. అంతకంటే ముఖ్యంగా, పప్పీలో మీకూ అన్నయ్యకూ వేర్వేరు ఖాతాలు లేవు. ఆయన వేసిన వ్యవస్థలో ఆయనా రూటే, మీరూ రూటే. రూట్ అధికారం ఉన్న మనిషి తలచుకుంటే మీటలు నొక్కిన ప్రతి అక్షరాన్నీ రాసిపెట్టే ప్రోగ్రామ్ కూడా పెట్టగలడు. దానిముందు టార్ ఏమీ చేయలేదు. మీ అన్నయ్య అలాంటివారని నేననడం లేదు, మీరు రాసిన తీరు చూస్తే కాదనే అనిపిస్తుంది. మీరు భయపడవలసింది నిఘాకు కాదు, యాదృచ్ఛికంగా కంటబడటానికి. ఆ రెండింటికీ మందు ఒకటి కాదు. రెండోది చాలా తేలిక.

ఈ తేడా తెలిశాక మీ ముందున్న దారులు చూడండి.

పప్పీలోనే ఉండి సరిగ్గా చేసుకోవడం ఒక దారి. పప్పీలో ‘స్పాట్’ అనే పరిమిత అధికారాల ఖాతా ఉంటుంది. ఇంటర్నెట్ ప్రోగ్రాములను దాని పేరిట నడపడానికే దాన్ని పెట్టారు. ఇప్పుడున్న ఫోల్డరు మొత్తం తీసేసి, టార్ ప్రాజెక్ట్ అధికారిక సైటు నుంచి లినక్స్ కాపీ మళ్లీ దించుకోండి. ఇది వ్యవస్థలో స్థాపించే ప్యాకేజీ కాదు, విప్పుకుని నడుపుకునే మూట. దాన్ని స్పాట్ హోమ్ ఫోల్డరులో విప్పి, లోపలి ఫైళ్లన్నిటితో సహా యాజమాన్యాన్ని స్పాట్ పేరిట మార్చండి. ఈ మార్పు మరిచిపోతే బ్రౌజర్ తెరుచుకోకపోవచ్చు. తెరుచుకున్నా తన ఫైళ్లను తానే రాసుకోలేక నవీకరణల దగ్గర ఆగిపోతుంది. తర్వాత ‘రన్-యాజ్-స్పాట్’ అనే ఆదేశంతో, లోపలి బ్రౌజర్ ఫోల్డరులో ఉన్న ‘స్టార్ట్-టార్-బ్రౌజర్’ స్క్రిప్టును నడపాలి. మీరు మొదటిరోజు నొక్కిన ఫైలు పేరు చివర ‘డెస్క్‌టాప్’ అని ఉంటుంది. అది డెస్క్‌టాప్ షార్ట్‌కట్‌గానూ స్క్రిప్టుగానూ రెండు వేషాలు వేసే ఫైలు కనుక, పప్పీ ఫైల్ మేనేజర్ దాన్ని ఉత్త అక్షరాలుగా భావించి ఎడిటర్‌లో తెరిచింది. అందులో మీ తప్పేమీ లేదు. ఇలా నడిపితే రూట్ పరీక్ష పంక్తులను ముట్టుకోవలసిన అవసరమే రాదు, ఎందుకంటే ఇప్పుడు బ్రౌజర్ నిజంగానే రూట్‌గా నడవడం లేదు. ఈ దారిలో లోటు ఏమిటంటే ఫోల్డరు లాప్‌టాప్‌లోనే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది: పప్పీ మీ మార్పులన్నిటినీ ఒక సేవ్ ఫైలులో దాచుకుంటుంది. విప్పాక కొన్ని వందల మెగాబైట్లు తినే బ్రౌజర్ ఆ ఫైలును ఇట్టే నింపేస్తుంది. జాగా తక్కువని హెచ్చరిక కనిపిస్తే కారణం అదే.

రెండో దారి, బ్రౌజర్‌ను మీ సొంత పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవడం. ఆ పెన్‌డ్రైవ్‌ను ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేయాలి. మామూలుగా వచ్చే ఫ్యాట్ పద్ధతి లినక్స్ యాజమాన్య వివరాలను దాచలేదు, అందులో స్పాట్ పేరిట మార్చడం కుదరదు. దీనికి తోడు, పప్పీ మొదలయ్యేటప్పుడు ‘పీఫిక్స్ ఈక్వల్స్ ర్యామ్’ (pfix=ram) అనే సూచన ఇస్తే, పాత సేవ్ ఫైలును ముట్టుకోకుండా అంతా ర్యామ్‌లోనే నడుస్తుంది. ఆపేటప్పుడు సేవ్ చేయనంటే ఆ పూట జరిగినదేదీ సేవ్ ఫైలులోకి వెళ్లదు. మీ పరిస్థితికి ఇది చాలా దగ్గరగా సరిపోతుంది: పెన్‌డ్రైవ్ తీసేస్తే లాప్‌టాప్‌లో బ్రౌజర్ ఉండదు, అన్నయ్య ఎప్పటిలా తెరుచుకుంటే ఆయన పప్పీ ఆయనకు ఉంటుంది. బ్రౌజర్‌ను ర్యామ్‌లో విప్పే పొరపాటు మాత్రం చేయకండి. ఉన్న 2 జీబీలో వందల మెగాబైట్లు దానికే పోతే ఇక పేజీలు తెరవడానికి ఏం మిగులుతుంది? హార్డ్ డిస్కులో స్వాప్ విభాగం ఉంటే పప్పీ దాన్ని అడగకుండానే వాడుకుంటుంది. మెమరీ చాలనప్పుడు అందులోని ముక్కలు కొన్ని ఆ విభాగంలో పడతాయి. పరికరాలతో డిస్కును తవ్వేవాళ్లకు అవి పనికొస్తాయేమో గానీ, ఇంట్లో ఫోల్డర్లు తెరిచి చూసే మనిషికి కనిపించవు. మీ ఉత్తరంలోని భయానికి అది లెక్కలోకి రాదు.

మూడోది వేరే లినక్స్. దీనికోసం అన్నయ్య వేసిన పప్పీని తుడిచేయనక్కరలేదు, అలా చేస్తే ప్రశ్నలు మొదలవుతాయి. డెబియన్ అనే లినక్స్ ఆధారంగా తయారైన యాంటీఎక్స్ వంటి తేలికపాటి వ్యవస్థను పెన్‌డ్రైవ్ నుంచే నడపవచ్చు. దానిలో మొదటి నుంచీ సాధారణ ఖాతానే ఉంటుంది కనుక స్పాట్ తతంగం ఉండదు. డెబియన్ కుటుంబంలో ‘టార్‌బ్రౌజర్-లాంచర్’ అనే ప్యాకేజీ కూడా దొరుకుతుంది, అది అధికారిక కాపీని తనే దించి, అసలైనదేనని చెప్పే సంతకం తనే సరిచూస్తుంది. మారితే 64 బిట్ వ్యవస్థనే ఎంచుకోండి. లాప్‌టాప్ పాతదైనా ప్రాసెసర్ 64 బిట్‌దే కావచ్చు, పప్పీ మాత్రం 32 బిట్‌ది వేసి ఉండవచ్చు. ఫైర్‌ఫాక్స్ 32 బిట్ లినక్స్‌ను 2025లో 144వ వెర్షన్ తర్వాత వదిలేసింది. దీర్ఘకాల మద్దతు ఉన్న 140 వెర్షన్ ఆధారంగా టార్ బ్రౌజర్ కొంతకాలం నెట్టుకొచ్చినా ఆ దారి మూసుకుపోతున్నట్టే. చిన్నగా ఉంటుందని ఆల్పైన్ లినక్స్ వైపు వెళ్లకండి. దాని మూల లైబ్రరీ వేరు కావడం వల్ల అధికారిక టార్ బ్రౌజర్ అందులో నేరుగా నడవదు.

టెయిల్స్ గురించి కూడా మీకు ఎవరో చెప్పే ఉంటారు. అంతా టార్ మీదుగానే నడిచి, ఆపగానే మర్చిపోయే ఆ వ్యవస్థ మీ అవసరానికి అచ్చంగా కుట్టినట్టు ఉంటుంది, ఒక్క ర్యామ్ విషయంలో తప్ప. 2025లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి అది 3 జీబీ కోరుతోంది. మీ 2 జీబీ మీద దాన్ని ప్రయత్నించి విసిగిపోవద్దని నా సలహా. ర్యామ్ పెంచుకునే వీలుంటే అప్పుడు ఆలోచించండి.

మీ పరిచయస్థుడు ఇస్తానన్న సిద్ధం ప్యాకేజీ వద్దు. ఆయన మంచివారే కావచ్చు. అజ్ఞాతంగా ఉండటానికి వాడే బ్రౌజర్‌ను మరొకరు విప్పి మళ్లీ కట్టిన మూటగా తీసుకుంటే, మీ నమ్మకం టార్ ప్రాజెక్ట్ మీద కాక ఆ కట్టిన చేతుల మీద ఉన్నట్టు. అలాంటి ప్యాకేజీలకు ఇంకో జబ్బు ఉంది: అవి కట్టిన రోజు దగ్గరే ఆగిపోతాయి, నవీకరణలు సరిగ్గా అందవు. 2016 నాటి లోపాన్ని ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా, టార్ ప్రాజెక్ట్ వెంటనే పూడ్చాయి. కానీ ఆ పూడిక నవీకరించుకున్నవాళ్లకే అందింది. మీరు దించుకున్నది అసలైనదో కాదో చూసుకోవడానికి ప్రతి మూటకూ పక్కనే ఒక సంతకం ఫైలు ఉంటుంది. జీపీజీ అనే ప్రోగ్రామ్‌తో, టార్ బ్రౌజర్ డెవలపర్ల తాళంచెవి తెచ్చుకుని, ఆ రెండు ఫైళ్లనూ పోల్చాలి. ఆ తాళంచెవి వేలిముద్ర, అంటే దాన్ని గుర్తుపట్టే అంకెలూ అక్షరాల వరుస, 93298290 అనే అంకెలతో ముగుస్తుంది. చివరి అంకెలు ఒకేలా ఉండే నకిలీ తాళంచెవిని తయారు చేయడం సాధ్యమే కనుక, వేలిముద్ర మొత్తాన్ని అధికారిక సహాయ పేజీలో ఉన్నదానితో అక్షరం అక్షరం చూసుకోండి. ‘గుడ్ సిగ్నేచర్’ అని వస్తే చాలు. దాని కిందే ఈ తాళంచెవిని ఎవరూ ధ్రువీకరించలేదని ఒక హెచ్చరిక వస్తుంది, దానికి కంగారుపడవద్దు. ఆ తాళంచెవిని మీరు స్వయంగా ధ్రువీకరించలేదని మాత్రమే దాని అర్థం.

తేదీ వెనక్కి పోవడానికి కారణం, యంత్రం ఆపి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపే చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోవడం. పాత లాప్‌టాప్‌లలో ఇది మామూలే. టార్‌కు సమయం ఎందుకంత ముఖ్యమంటే, నెట్‌వర్కులోని రిలేల పట్టిక గంటగంటకూ కొత్తగా తయారవుతుంది, ఒక్కొక్క పట్టిక కొద్ది గంటలే చెల్లుతుంది. మీ గడియారం పదేళ్ల వెనక ఉంటే, చేతికొచ్చిన పట్టిక దానికి భవిష్యత్తు నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది. బ్యాటరీ మార్పించే దాకా, బ్రౌజర్ తెరిచే ముందు ప్రతిసారీ తేదీ, సమయం, కాలమండలం మూడూ సరిచూసుకోండి. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. గోడ గడియారంతో అంకెలు సరిపోయినా కాలమండలం తప్పైతే కొన్ని గంటల తేడా అలాగే ఉండిపోతుంది.

బిగుసుకుపోవడానికి కారణం టార్ కాదు, మెమరీ. టార్ వల్ల పేజీ ఆలస్యంగా వస్తుంది, యంత్రం బిగుసుకుపోదు. ఒకటి రెండు ట్యాబులకే పరిమితం కండి, చదివేటప్పుడు మిగతా ప్రోగ్రాములు మూసేయండి. భద్రతా స్థాయిల్లో మీ యంత్రానికి ఒక వింత ప్రయోజనం ఉంది. అన్నిటికంటే కఠినమైన ‘సేఫెస్ట్’ ఎంచుకుంటే పేజీల్లో నడిచే ప్రోగ్రాముల భాష జావాస్క్రిప్ట్ పూర్తిగా ఆగిపోతుంది, వ్యాసాలు చదివే పేజీలు ఒక్కసారిగా తేలికపడతాయి. మధ్యదైన ‘సేఫర్’లో మాత్రం, సురక్షిత సైట్లలో జావాస్క్రిప్ట్ నడుస్తుంది గానీ దాన్ని వేగంగా నడిపే యంత్రాంగం ఆగిపోతుంది కనుక, బరువైన పేజీలు బలహీనమైన ప్రాసెసర్ మీద ఇంకా నత్తనడక నడుస్తాయి. కేవలం చదవడానికైతే సేఫెస్ట్, ఏదైనా రాసి పంపాలంటే మామూలు స్థాయి, ఇలా నడుపుకోవచ్చు. వేగం కోసం ఎక్స్‌టెన్షన్లు చేర్చడం, లోపలి సెట్టింగులు మార్చడం వద్దు. టార్ బ్రౌజర్ వాడేవాళ్లందరూ సైట్లకు ఒకేలా కనిపించడంలోనే దాని బలం ఉంది. కిటికీ చుట్టూ బూడిదరంగు అంచు కనిపించడం కూడా మీ తెర కొలత సైటుకు తెలియకుండా ఉండటానికే. మీరు చేసే ప్రతి చిన్న అలంకారం ఆ గుంపులోంచి మిమ్మల్ని వేరుగా నిలబెడుతుంది. టార్ విడిగా నడిపి దానికి మామూలు ఫైర్‌ఫాక్స్‌ను తగిలించమని ఎవరైనా సలహా ఇస్తే, ఇదే కారణంతో వద్దనండి.

అనుభవాలు పంచుకునే బృందంలో చేరాలనుకుంటే, ఇంట్లో అందరికీ తెలిసిన మెయిల్ చిరునామాతో చేరకండి. మీ పేరుతో మీరే లాగిన్ అయ్యాక మూడు రిలేలు దాచేదేమీ ఉండదు. దించుకున్న పత్రాలను ఇంటర్నెట్‌కు కలిసి ఉన్నప్పుడు వేరే ప్రోగ్రాముల్లో తెరవకండి, వాటి రాకపోకలు టార్ మీదుగా వెళ్లవు. చాలా దేశాల్లో టార్ వాడటం నేరం కాదు, కొన్ని చోట్ల అడ్డుకుంటారు. మీరున్న చోట నియమం ఏమిటో చూసుకోండి. ఇది నా పరిధి కాదు గానీ, ఎవరి అనుభవమో చదివి మందు మోతాదు మాత్రం మార్చుకోకండి. ప్రశ్న వస్తే రాసిపెట్టుకుని డాక్టర్‌నే అడగండి.

చివరిగా, మీరు రాయని విషయం ఒకటి ఉంది. మీకు సొంత ఫోన్ ఉందా, దాని తాళం మీ ఒక్కరి దగ్గరే ఉందా? ఉంటే ఇదంతా చాలా చిన్నదైపోతుంది. ఆండ్రాయిడ్‌కు టార్ బ్రౌజర్ 2019 నుంచి ఉంది. ఐఫోన్ అయితే టార్ ప్రాజెక్ట్ సిఫారసు చేసే ఆనియన్ బ్రౌజర్ ఉంది, వెనక యాపిల్ సొంత యంత్రాంగం వాడవలసి రావడంతో రక్షణ కొంత తక్కువ. ఫోన్‌ను వైఫై నుంచి తప్పించి మొబైల్ డేటా మీద చదివితే ఇంటి రౌటర్ ప్రమేయమే ఉండదు. అప్పుడు మామూలు బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచినా, అన్నయ్య కంట పడకుండా ఉండాలన్న మీ అవసరం తీరిపోతుంది. ఇంటర్నెట్ సంస్థకూ సైట్లకూ కూడా తెలియకూడదనుకుంటే టార్ వాడండి. ఫోన్ కూడా చేతులు మారుతుందంటే పెన్‌డ్రైవ్ దారే మీకు దగ్గరది. ఈ రెండింట్లో ఏది ఎంచుకున్నా, లాప్‌టాప్‌లో ఇప్పుడున్న ఫోల్డరునూ దించుకున్న మూటనూ ఈరోజే తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, ఆపేటప్పుడు పప్పీ సేవ్ చేయాలా అని అడిగితే ఈ ఒక్కసారికి మాత్రం అవుననండి. కాదంటే తీసేసిన ఫోల్డరు మళ్లీ తెరిచేసరికి యథాస్థానంలో కనిపించవచ్చు.